వల లోపలి అస్తర్

ఆదివారం సాయంత్రం సూరత్ దగ్గరి డుమస్ సముద్రపు ఒడ్డున జనం టమాటా భజియాలు తింటూ ఫొటోలు దిగుతున్నారు. వాళ్లకు నాలుగడుగుల అవతల సర్కారు మనుషులు, కన్నాలు మరీ చిన్నవని, ఒక చేపలాయన వలను తగలబెడుతున్నారు. పెట్రోలు పోశారు, అగ్గిపుల్ల గీశారు, గాలికి పొగ తమ మీదికి రాకుండా పక్కకు జరిగి నిలబడ్డారు. కాలుతున్నది ఐదుగురి తిండి. ఆ చేపలాయన భార్య రమీలాబెన్ ఆఫీసరు కాళ్ల మీద పడలేదు, గుండెలు బాదుకోలేదు. ఆ వల సంచి పెద్ద బోటు వాళ్లు పాతదైందని పారేస్తే తెచ్చుకున్నామనీ, అలాంటివి కొత్తవి ఆ బోటు మీద పది ఉంటాయనీ, ముందు వాటిని కాల్చి రమ్మనీ అడిగింది. ఆఫీసరు సముద్రం వైపు తల కూడా తిప్పలేదు.

చూస్తున్న గుంపులో కొమురవ్వ ఉంది. ఉధ్నాలో జిగ్నేశ్ భాయ్ వలల షెడ్డులో పంతొమ్మిదేళ్లుగా సంచులు కుడుతున్న మనిషి. సిరిసిల్ల నుంచి భర్త వెంట మరమగ్గాల పనికి వచ్చింది. మగ్గాల పని సన్నగిల్లాక ఈ సూది పట్టింది. సెలవు పూట సముద్రం చూద్దామని బస్సెక్కి వచ్చి ఈ మంట చూసింది.

మంట అంచున వల కొస ఒకటి ఇంకా కాలకుండా మిగిలింది. దాని మీద పసుపు దారం ముడి కనబడగానే కొమురవ్వ గుర్తుపట్టింది. ఆ షెడ్డులో ముప్పై మంది ఆడవాళ్లు పనిచేస్తారు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం. కుట్టు ముగిసిన చోట ఎవరి రంగు ముడి వాళ్లు వేయాలి. రేపు కుట్టు ఊడితే ఎవరిని తిట్టాలో సేఠ్‌కు తెలియాలి కదా, అందుకు. పసుపు పోశమ్మది. ఎరుపు కొమురవ్వది.

మంట ఆరిపోయాక కొమురవ్వ వెళ్లి రమీలాబెన్ పక్కన ఇసుకలో కూర్చుంది. వచ్చీరాని హిందీలో ఒకరు, గుజరాతీ కలిసిన హిందీలో ఒకరు, చాలాసేపు మాట్లాడుకున్నారు. కొమురవ్వ కుట్టే సంచి పెద్ద బోట్ల వలకు చివరన ఉంటుంది. పట్టిన చేపంతా అక్కడికే చేరుతుంది. దాని కన్ను, అంటే ఒక్కో కన్నం, నలభై మిల్లీమీటర్లకు తక్కువ ఉండకూడదని కానూను. పిల్ల చేప ఆ కంట్లోంచి దూరి బయటపడి బతకాలని. షెడ్డులో కుట్టే సంచికి బయటి కన్ను నలభయ్యే. రేకు బిళ్ల మీద ముద్ర కూడా అదే. కానీ లోపల ఇంకో వల కుడతారు. అందులో చిటికెన వేలు దూరదు. బట్టల పని నుంచి వచ్చిన ఆడవాళ్లు గనక చొక్కా లోపలి గుడ్డను అన్నట్టు దానికి అస్తర్ అని పేరు పెట్టుకున్నారు. గట్టిదనం కోసం అని సేఠ్ చెప్పాడు. గట్టిదనం కోసమే అనుకుని పన్నెండేళ్లు కుట్టారు.

ఆ గట్టిదనం సంగతి రమీలాబెన్ విప్పి చెప్పింది. లోతు సముద్రంలో ఆ సంచి తిరిగినచోట గుడ్డు విడిచిన పిల్ల కూడా మిగలదు. బోటు వాళ్లు దానికి పెట్టిన పేరు కచ్రో, చెత్త. అది పిండి మిల్లుకు పోయి కోళ్ల దాణా అవుతుంది. ఆ చిన్న చేపను తిని బతికే పాప్లెట్, మన చందువ చేప, ఇటు రాదు, పాప్లెట్ వెంట వచ్చే పెద్దవీ రావు. తన అత్త కాలంలో నది మూతి దగ్గర చేత్తో పట్టిన చేపకు ఇప్పుడు రెండు రోజులు తిరగాలి. ఇదంతా చెప్పి రమీలాబెన్, ఆ అస్తర్ ఎవరు కుడతారో వాళ్ల చేతులు విరగ అంది. కొమురవ్వ తన చేతులు కొంగు కింద పెట్టుకుంది.

సోమవారం పొద్దున పోశమ్మను షెడ్డు గేటులోకి రానివ్వలేదు. కాలిన వల ఫొటో సేఠ్ దాకా వచ్చింది. అస్తర్ వేయమని నేనెప్పుడు చెప్పాను, కుట్టే కారీగర్ సొంత తెలివి ఇది అన్నాడు సేఠ్. రేకు బిళ్ల మీద షెడ్డు పేరు లేదు. ముడి మీద పోశమ్మ రంగు ఉంది. పధ్నాలుగేళ్ల పని ఆ ముడి మీద తెగిపోయింది.

కొమురవ్వ నోరు తెరవబోయింది. నిజంగానే తెరవబోయింది. ఆమె కళ్లారా చూసిన సంగతి, ఆమె ఇసుకలో కూర్చుని విన్న సంగతి. పొద్దున్నే నల్లా దగ్గర నర్సవ్వకు ఒక్కదానికే చెప్పి కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు అందరికీ చెబుదామని గొంతు సవరించుకునేలోపు భాగ్యలక్ష్మి గేటు పక్కనున్న నూలు పెట్టె ఎక్కింది.

భాగ్యలక్ష్మి వయసు ఇరవై మూడు. పుట్టింది సూరత్‌లోనే. పన్నెండు చదివింది. తెలుగులో మొదలుపెట్టి, హిందీలోకి దూకి, వాచ్‌మన్‌కు అర్థం కావాలంటే గుజరాతీలో ముగించగలదు. నల్లా దగ్గర బిందె పట్టుకుని నిలబడి అంతా విన్నట్టుంది. డుమస్ మంటను తాను చూసినట్టే చెప్పింది. రమీలాబెన్ మాటలను తనతో అన్నట్టే చెప్పింది. కొమురవ్వ చెబితే ఏడుపు వచ్చే కథ అది. భాగ్యలక్ష్మి చెబితే షెడ్డులోని వాళ్లంతా సూదులు కింద పెట్టి సమ్మెకు బయటికొచ్చారు.

పోశమ్మ కోసం వాళ్లంతా బయటికి రావడం చూసి కొమురవ్వ సంతోషించాలి. సంతోషించిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆమె ఒళ్లు మండింది. ఏడేళ్ల క్రితం తాగే నీళ్ల కోసం, ఆడవాళ్లకు మరుగుదొడ్డి కోసం నాలుగు రోజులు షెడ్డు ఆపించింది కొమురవ్వ. అప్పటి నుంచి ఏ మాట వచ్చినా కొమురవ్వ ఏమన్నది అని అడిగేవాళ్లు. ఇప్పుడు భాగ్య ఏమన్నది అంటున్నారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర నర్సవ్వ తన డబ్బాలోని పచ్చడి ముందు భాగ్యలక్ష్మికి పెట్టి తర్వాత కొమురవ్వ వైపు జరిపింది. పంతొమ్మిదేళ్ల స్నేహం. కొమురవ్వ పచ్చడి వద్దంది, కడుపులో మంటగా ఉందని చెప్పింది. అందులో అబద్ధమేమీ లేదు.

మంగళవారం సాయంత్రం మగ్గాల యూనియన్ గదిలో కూర్చున్నారు. ఆ గది సోమలింగానిది. జీవితమంతా మగ్గాల దగ్గర నిలబడి చెవుడు తెచ్చుకున్న ముసలాయన, కొమురవ్వకు మొదటి సమ్మె నేర్పిన మనిషి. ఆయన చేతిలో ఒక నోటీసు ఉంది. లోతు సముద్రంలో వేటకు కొత్త ప్రణాళిక వస్తోందట, గురువారం సర్కారు హాలులో దాని మీద బహిరంగ సభ. ఇంతవరకు ఏ చేపకు ఆ చేపను విడిగా చూశారనీ, ఇకనుంచి సముద్రాన్ని మొత్తంగా ఒక ఇల్లులా చూడాలంటున్నారనీ సోమలింగం వివరించాడు. ఏ చేప దేన్ని తింటుంది, ఎక్కడ గుడ్లు పెడుతుంది, ఏ నెలలో వేట ఆపాలి, దాని మీద బతికే మనుషులెవరు, అన్నీ కలిపి చూడాలట. మాట మంచిదేనన్నాడు. కానీ బోట్ల సేఠ్‌లు ముందే పోయి, మా వలలన్నీ నలభై కన్నువే, నాశనం చేసేది నది మూతి దగ్గరి చిన్న పడవలే, వాళ్లనే అక్కడ ఆపండి అని రాసిచ్చారట. నమూనాకు జిగ్నేశ్ భాయ్ షెడ్డు సంచి ఒకటి సభలో బల్ల మీద పెడతారట.

నర్సవ్వకు ఈ గొడవంతా నచ్చలేదు.

"సముద్రమేమన్న మన పుట్టిల్లా? పోశవ్వను పనిల వెట్టుకోమని అడుగుదాం. అస్తర్ జోలి మనకెందుకు?"

"అస్తర్ జోలి లేకుంటనే పోశమ్మత్త బయట వడ్డదా?" అంది భాగ్యలక్ష్మి. "పిల్ల చేప మిల్లుకు వోతే పెద్ద చేప యాడికెల్లొస్తది? పెద్ద చేప రాకుంటే బోటు పోదు. బోటు పోకుంటే మనకు సూది పని యాడిది? సేఠ్‌కు ఇంకో ధంధా దొరుకుతది. మనకు? మగ్గాలు బందయినప్పుడు సూసినం గద. గా రమీలాబెన్ కడుపు గొట్టే పని మన చేతులతోని చేపిస్తున్నరు, దొరికితే మన చేతుల మీదనే రుద్దుతున్నరు. చేతులు మనయి. మాట గూడ మనదే కావాలె."

నర్సవ్వ తల ఊపింది. అస్తర్ కుట్టేది లేదని అందరూ ఒప్పుకున్నారు. సభలో ఆ నమూనా సంచిని అందరి ముందు తిరగేసి అస్తర్ చూపించాలనీ, అప్పటిదాకా ఈ మాట గది దాటకూడదనీ అనుకున్నారు. తిరగేసేది ఎవరు? కొమురవ్వ చీర కుచ్చిళ్లు సర్దుకుని లేవబోయింది. ఆ సంచిలో ఏ కుట్టు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేది ఆమె ఒక్కతే. ఇరవై ఎనిమిది చేతులు భాగ్యలక్ష్మి పేరుకు లేచాయి. అధికారుల ముందు గుజరాతీలో మాట్లాడుతూ చూపించాలి కదా, ఆ పిల్లే సరైంది అన్నాడు సోమలింగం. ఆయన కూడా అనేసరికి కొమురవ్వ, లేచింది నీళ్లు తాగడానికే అన్నట్టు కుండ దగ్గరికి పోయింది.

"అత్తా, నువ్వు నా పక్కన్నే నిలవడాలె" అంది భాగ్యలక్ష్మి.

పక్కన. ఆ ఒక్క మాట రాత్రంతా కొమురవ్వను నిద్రపోనివ్వలేదు.

బుధవారం మధ్యాహ్నం జిగ్నేశ్ భాయ్ గేటు బయట ఉన్న ఆమెను మిగతావాళ్లకు తెలియకుండా తన గదిలోకి పిలిపించాడు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి కుర్చీ చూపించాడు. కొమురాబెన్ అన్నాడు. చాయ్ తెప్పించాడు. షెడ్డు నిలబడింది నీ చేతి మీద, నిన్నొదిలి ఆ నిన్నటి పిల్లను నాయకురాలిని చేసుకున్నారట, ఏం జనం వీళ్లు అని జాలిపడ్డాడు. పుండు ఎక్కడుందో ఆ మనిషికి తెలుసు. అలాంటివాళ్లకు ఆ చదువు ఎక్కడా చెప్పకుండానే వస్తుంది.

కొమురవ్వకు ద్రోహం చేయాలని లేదు. ఈ మాట ఆమెను వెనకేసుకు రావడానికి చెప్పడం లేదు. ఆమెకు కావలసిందల్లా ఆ పిల్లను కాస్త తక్కువ చేసి మాట్లాడటం, అది ఎవరో ఒకరు వినడం. ఆ పిల్లకు సూది ఏ కొసన పట్టుకోవాలో తెలియదంది. రేపు సభలో సంచి తిరగేసి అస్తర్ చూపిస్తుందట, ఏ ముడి దగ్గర విప్పాలో నన్నడగకుండా ఎలా విప్పుతుందో నేనూ చూస్తాను అంది. అని మూతి తిప్పుకుని చాయ్ తాగింది. జిగ్నేశ్ భాయ్ ఇంకో చాయ్ తెప్పించాడు.

గురువారం పదకొండు గంటలకు హాలు నిండిపోయింది. ముందు వరుసల్లో బోట్ల సేఠ్‌లు, వెనక డుమస్ నుంచి వచ్చిన చిన్న పడవల వాళ్లు, వాళ్లలో రమీలాబెన్. గోడ పొడుగునా వలల షెడ్డు ఆడవాళ్లు. బల్ల మీద నమూనా సంచి, రేకు బిళ్ల మెరుస్తోంది. ఒక చదువుకున్న యువ అధికారి స్కేలు పెట్టి బయటి కన్ను కొలిచి నలభై అన్నాడు. సేఠ్‌లు తలలూపారు.

భాగ్యలక్ష్మి లేచి బల్ల దగ్గరికి నడిచింది. అస్తర్ అంటే ఏమిటో, ఎవరు కుట్టిస్తారో, అందులో పడి ఏవి చస్తున్నాయో గుజరాతీలో చెప్పింది. చిన్న పడవల వాళ్లు వెనక నుంచి లేచి నిలబడ్డారు. చెబుతూనే సంచి నోట్లో చేయి పెట్టి లోపలిది బయటికి గుంజింది.

లోపల ఏమీ లేదు. ఒకటే వల. నలభై కన్ను, లోపలా బయటా.

ముందు వరుసలో ఒకడు నవ్వాడు. తర్వాత వరుసంతా నవ్వింది. జిగ్నేశ్ భాయ్ చేతులు జోడించి, పని నుంచి తీసేసిన కారీగర్ల కోపం ఇది సాహెబ్, నేనేం అనుకోను అన్నాడు. మరి చిన్న చేపను ఊడ్చేది ఎవరో తేలింది కదా, నది మూతి దగ్గర చిన్న పడవలను ఆపించండి అన్నాడు బోట్ల సేఠ్ ఒకడు. అధికారులు రాసుకున్నారు. సభను పాడు చేసిందని, పరువు తీసిందని భాగ్యలక్ష్మి మీద ఫిర్యాదు అక్కడికక్కడే తయారైంది. ఇద్దరు పోలీసమ్మలు ఆమె చెరో రెక్క పట్టుకున్నారు. ఆ పిల్ల మెడ తిప్పి జనంలో వెతికింది.

"అత్తా, నువ్వన్న జెప్పు. మనం కుట్టలేదా?"

కొమురవ్వ గోడకు అంటుకుపోయింది.

బయట మెట్ల మీద ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి అరుచుకున్నారు. సేఠ్‌కు ముందే తెలిసింది. ఎవరు చెప్పారు? సోమన్న మరదలి కొడుకు సేఠ్ దగ్గర టెంపో నడుపుతాడు కదా అంది ఎవరో. అంతే, అందరి చూపూ ముసలాయన మీదికి పోయింది. సోమలింగానికి సరిగా వినబడలేదు, ఎందుకు చూస్తున్నారో అర్థం కాలేదు. రమీలాబెన్ దూరంగా నిలబడి ఈ ఆడవాళ్ల వైపు ఉమ్మేసింది. అప్పుడు నర్సవ్వ వచ్చి కొమురవ్వ చేయి పట్టుకుంది.

"కొమురవ్వా, గా పిల్లను నమ్ముకుని ఆగమైనం. ఇగ నువ్వే చెప్పు. ఏం జేద్దాం?"

అందరి కళ్లూ ఆమె వైపు తిరిగాయి. నాలుగు రోజులుగా ఏ చూపు కోసం కళ్లల్లో నిప్పులు పోసుకుందో ఆ చూపే. ఏడేళ్ల కిందటిలాగే, ఆమె నోటి వైపు చూస్తూ. ఊరుకుంటే చాలు. సోమలింగం మీద పోతుంది, భాగ్యలక్ష్మి ఠాణాలో ఉంటుంది, కొమురవ్వ మళ్లీ కొమురవ్వ అవుతుంది. అంత తేలికగా తన చేతికి వచ్చింది. వచ్చాక తెలిసింది, అది మింగుడుపడేది కాదని.

"సోమన్నను అనకుండ్రి" అంది. "నేనే చెప్పిన సేఠ్‌కు. నిన్న. చాయ్ తాక్కుంట చెప్పిన. గా పోరి ముందర నిలవడుడు నాకు ఓర్వబుద్ధి కాలె."

నర్సవ్వ చేయి వదిలేసింది. ఒకామె చెప్పు తీసింది. పోశమ్మ అడ్డం వచ్చింది. పని పోగొట్టుకున్న పోశమ్మ, అందరికంటే ఎక్కువ కొట్టే హక్కున్న పోశమ్మ.

"నిన్ను తర్వాత గొడ్తం. ముందుగాల చెప్పు, అస్తర్ సంచులు యాడున్నయి?"

షెడ్డులోనే ఉన్నాయి. ఈ ఒక్క నమూనా సంచికే రాత్రికి రాత్రి అస్తర్ ఊడదీసి ఉంటారు. మిగతావన్నీ సమ్మెకు ముందు వాళ్లు కుట్టినవే, నలభై సంచులు, రెండు గంటలకు టెంపోలో బోట్ల రేవుకు పోవాలి. ఈ సంగతి చెబుతూనే కొమురవ్వ మెట్లు దిగింది. సంగతి చెవిలో చెప్పించుకుని సోమలింగం చిన్న పడవల వాళ్ల దగ్గరికి పోయి గుజరాతీలో జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఏదీ దాచలేదు. రమీలాబెన్ విని, కొమురవ్వను పైనుంచి కిందికి ఒకసారి చూసి, ఆటో ఎక్కింది. ఆమె వెంట ఆమె మనుషులంతా ఎక్కారు.

ఉధ్నాలో వాళ్లు చేరేసరికి టెంపో గేటు దాటి రోడ్డు మీదికి వస్తోంది. అరవై మంది దాని ముందు కూర్చున్నారు. వలలు కుట్టేవాళ్లూ, వలలు వేసేవాళ్లూ కలిసి ఒకే చోట కూర్చోవడం అదే మొదటిసారి. డ్రైవరు హారన్ కొట్టాడు. సోమలింగం మరదలి కొడుకు అతను. పెద్దాయన ముందు కూర్చోవడం చూసి ఇంజన్ ఆపేసి దిగిపోయాడు.

కొమురవ్వ వెనక నుంచి టెంపో ఎక్కింది. ఒక సంచిని రోడ్డు మీదికి తోసి తానూ దిగింది. చూడకుండానే వేలితో తడిమి అంచు కింద దాగిన ముడి పట్టుకుంది. పళ్లతో కొరికింది, లాగింది. బారెడు కుట్టు ఒక్క ఊపున ఊడి వచ్చింది. లోపలి అస్తర్ దుమ్ములో పరుచుకుంది. తర్వాత ఇంకో సంచి, ఇంకొకటి. ఆమె చూపించిన చోట పట్టుకుని పోశమ్మ ఒకటి విప్పింది, నర్సవ్వ ఒకటి విప్పింది. రమీలాబెన్ వంగి తన చిటికెన వేలు ఆ కంట్లో పెట్టబోయింది. దూరలేదు. ఆ వేలు పైకెత్తి అందరికీ చూపించింది. మొదటి షిఫ్టు దిగి వస్తున్న మగ్గాల మనుషులు, ఒడియా వాళ్లు, తెలుగు వాళ్లు, యూపీ వాళ్లు, చుట్టూ చేరారు. వందల ఫోన్లు లేచాయి. హాలులో స్కేలు పట్టిన యువ అధికారిని ఎవరో వెతికి తీసుకొచ్చారు. వద్దంటూనే కొలిచాడు. పద్దెనిమిది అని చెప్పడానికి రెండుసార్లు కొలవవలసి వచ్చింది.

పోలీసు వ్యాన్లు మూడు వచ్చాయి. సంచులు లోపల పెట్టమన్నారు, దారి ఇమ్మన్నారు. ఎవరూ లేవలేదు. ఇన్‌స్పెక్టర్ లాఠీతో రోడ్డు మీద కొడుతూ, లీడర్ ఎవరు, ముందుకు రమ్మను అన్నాడు.

అందరూ కొమురవ్వ వైపు చూశారు. చేతిలో అస్తర్, నోట్లో దారం పోగులు, రోడ్డు నడిమధ్య ఆమే నిలబడి ఉంది. నేను అంటే ఎవరూ కాదనరు. ఆ పూటకు నిజమూ అదే. ఆమె నోట్లోని పోగులు ఉమ్మేసింది.

"భాగ్యలక్ష్మి" అంది తన వచ్చీరాని హిందీలో, ఒక్కొక్క అక్షరం. "మీ ఠాణాలనే ఉన్నది. తోల్కొని రాండ్రి. ఆమె అచ్చి ఇది సూసేదాక ఈ టెంపో కదలది."

ఇన్‌స్పెక్టర్ నవ్వి, ఎత్తిపారేయమన్నాడు. మొదట ఎత్తింది కొమురవ్వనే. నలుగురు పట్టి ఈడ్చారు. ఆమె లేచిన ఖాళీలో రమీలాబెన్ జరిగి కూర్చుంది. రమీలాబెన్‌ను లాగిన చోట మగ్గాల మనిషి ఒకడు, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఒకరిని లాగితే ఇద్దరు కూర్చుంటున్నారు.

వ్యాన్ కిటికీ ఇనుప జాలీలోంచి కొమురవ్వకు రోడ్డు కనబడుతోంది. జనం భాగ్యలక్ష్మిని వదలమని అరుస్తున్నారు. తెలుగులో, హిందీలో, గుజరాతీలో, ఒడియాలో, అదే పేరు. ఇన్నేళ్లలో తన పేరు ఒక్కసారి కూడా ఉధ్నా రోడ్డు మీద అలా మోగలేదు. కొమురవ్వ కడుపు మండింది. మండుతుండగానే జాలీ పట్టుకుని, ఆ పిల్ల పేరే, అందరికంటే గట్టిగా అరిచింది.